పెన్నుల టర్నింగ్‌కి ప్లాస్టిక్ బుషింగ్‌లు: మూడేళ్లు వాడాక నా అభిప్రాయం

చెక్క పెన్నుకి సూపర్ గ్లూ పూత వేసేవాళ్లందరికీ ఈ బాధ తెలిసే ఉంటుంది. ఎనిమిది పది పూతలు ఓపికగా వేసి అద్దంలా మెరిపిస్తాం. తీరా లేత్ (చెక్కని గుండ్రంగా తిప్పుతూ కోసే యంత్రం) నుంచి విప్పబోతే ఉక్కు బుషింగ్, అంటే చెక్క రెండు చివర్లా ఉండి ఎంత సైజుకి కోయాలో చూపే రింగు, చెక్కకి అతుక్కుపోయి ఉంటుంది. కాస్త గట్టిగా తిప్పగానే టప్‌మని ఊడుతుంది, దాంతో పాటే అంచు దగ్గర పూత పెచ్చులా లేచిపోతుంది. అలా మూడు పెన్నులు పాడయ్యాక ప్లాస్టిక్ బుషింగ్‌లు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టాను.

మొదట చేతికి అందిన పీవీసీ ముక్కతో చేశాను. దాని మీద గ్లూ ఉక్కు కంటే గట్టిగా పట్టింది. పైగా అసిటోన్‌తో తుడిస్తే పైపొర మెత్తబడింది. ఆక్రిలిక్‌దీ అదే కథ కాబట్టి ఈ రెండింటి జోలికి వెళ్లొద్దు.

తర్వాత నైలాన్. గట్టిగానే ఉంది, టూల్‌కి బాగానే తెగింది. కానీ నైలాన్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. పొడి రోజుల్లో పెన్ను చెక్క లోపలుండే ఇత్తడి ట్యూబ్‌లోకి సాఫీగా జారేలా చేసుకున్న బుషింగ్, వరసగా వానలు పడ్డాక లోపలికి దూరనే లేదు. కాలిపర్‌తో కొలిస్తే పెరిగింది వెంట్రుక మందం కూడా లేదు, కానీ ఈ పనిలో ఆ కాస్త తేడా చాలు. గ్లూ కూడా దీన్ని ఓ మాదిరిగా పట్టుకుంటుంది.

కటింగ్ బోర్డులు చేసే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌కి గ్లూ అస్సలు అంటదు. ఎండిన పూత గోటితో గీకితే రింగులా ఊడొస్తుంది, ఆ సుఖం వేరు. ఇబ్బందల్లా దాని మెత్తదనమే. టెయిల్‌స్టాక్ (చెక్కని అవతలి చివర నుంచి నొక్కి పట్టే లేత్ భాగం) కాస్త బిగిస్తే ఉబ్బుతుంది, శాండ్ పేపర్ వేడికి అంచు నూగు లేస్తుంది. దీన్ని కోసేటప్పుడు రజను పొడవాటి దారాల్లా వచ్చి లేత్ మీద తిరిగే ముక్కకి చుట్టుకుంటుంది. లేత్ పూర్తిగా ఆపకుండా వాటి మీద చెయ్యి వేయకండి.

చివరికి నేను స్థిరపడింది అసిటాల్ దగ్గర, అంటే చాలామంది డెల్రిన్ అని పిలిచేది. చక్కగా తెగుతుంది, నున్నటి ఫినిష్ వస్తుంది, తేమని పట్టించుకోదు. గ్లూ కొద్దిగా పట్టినట్టు అనిపించినా చిన్న మెలికతో వదిలేస్తుంది. టెఫ్లాన్ కూడా చూశాను, గ్లూ విషయంలో దానికి సాటి లేదు గానీ ఒత్తిడికి మెల్లగా సాగి ఆకారం మారిపోతుంది.

ఆకారం విషయంలో నాకు బాగా కలిసొచ్చింది కోన్. ఒక వైపు లేత్ సెంటర్ (ముక్కని పట్టి ఉంచే మొనదేలిన భాగం) కూర్చునేలా 60 డిగ్రీల గుంట, రెండో వైపు ట్యూబ్ నోట్లో ఆనే మొన. ట్యూబ్ లోపలి అంచుని మాత్రమే తాకుతుంది కాబట్టి గ్లూ చేరే చోటే ఉండదు, ఒకే జత అన్ని సైజుల పెన్నులకీ సరిపోతుంది. ఇత్తడి అంచు ఒరిసి కోన్ మీద సన్నటి గాడి పడుతుంది. అది గోటికి తగిలినప్పుడల్లా పలచగా ఒక కోత పెట్టుకుంటే మళ్లీ కొత్తదే.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. చెక్కని సైజుకి తెచ్చేదాకా ఉక్కు బుషింగ్‌లే ఉంచండి. ప్లాస్టిక్‌ని గేజ్‌లా నమ్ముకుంటే టూల్ తగిలిన ప్రతిసారీ అదీ అరిగిపోతుంది, కొలత తప్పుతుంది. పూత వేసే ముందే మార్చుకోవాలి.

మీ దగ్గరున్న పేరు తెలియని తెల్ల రాడ్ ఏదో తేల్చుకోవాలంటే చిన్న ముక్క నీళ్లలో వేయండి. హెచ్‌డీపీఈ తేలుతుంది, నైలాన్, అసిటాల్ మునుగుతాయి. మునిగినదాన్ని తుడిచి ఆరబెట్టి గ్లూ చుక్క వేసి, ఆరాక లాగి చూడండి. కాల్చి వాసన చూసే పద్ధతి మాత్రం వద్దు, అసిటాల్ కాలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది.