నెదర్లాండ్స్ కేర్ స్టడీ టూర్: ట్రస్టీలతో పాటు ఆయమ్మలను కూడా తీసుకుపోండి

తిరుచానూరు రోడ్డు పక్కన పెద్దవాళ్ళ డే కేర్ నడుపుతున్నాను. పొద్దున ఆటోలో వచ్చి సాయంత్రం ఇంటికెళ్ళిపోయే అవ్వలు, తాతలు. చాలామందికి డిమెన్షియా, అంటే వయసుతో మతిమరుపు ముదిరే జబ్బు. మాలాంటివాళ్ళ కోసమని చెన్నైలో ఒక సంస్థ నెదర్లాండ్స్, బెల్జియం స్టడీ టూర్ నడుపుతోంది. విమానం టికెట్టు, వీసా కాకుండా మనిషికి లక్షా తొంభై వేలు. హోటలు, పొద్దున టిఫిను, బస్సు, వెళ్ళిన చోటల్లా ఇంగ్లీషులో వివరించే గైడు అందులోనే. వెళ్ళొచ్చినప్పటి నుంచి "మేడమ్, మేం కూడా పోవచ్చా?" అని ఫోన్లు వస్తున్నాయి. అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

ఐదుకు మూడున్నర. చూపించిన చోట్లకు నాలుగున్నర, చూపించిన తీరుకు రెండున్నర, సగటు తీస్తే వచ్చింది అది.

కాగితాల విషయంలో వాళ్ళను తప్పుపట్టలేను. ఆ దేశాలకు కావాల్సిన షెంజెన్ వీసా ఫీజు 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి, వేలిముద్రలకు మనమే వెళ్ళాలి. ఇవన్నీ ముందే చెప్పారు, ఆహ్వాన పత్రాలు టైముకు తెప్పించారు. తిండికి ఊరగాయ, పప్పులపొడి పెట్టుకుంటే చాలు. పెరుగు అక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది.

గొడవ దరఖాస్తు దగ్గరే మొదలైంది. నాతో మా పెద్ద ఆయమ్మను తీసుకుపోవాలనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా పెద్దవాళ్ళకు స్నానాలు చేయించి, అన్నం తినిపిస్తున్న మనిషి. "ఆమెకు ఇంగ్లీషు రాదు కదా, ఇది నిర్ణయాలు తీసుకునేవాళ్ళ ప్రోగ్రామ్ మేడమ్" అన్నారు. పూర్తి ఫీజు కడతానన్నాక ఒప్పుకున్నారు. బస్సెక్కి చూస్తే ట్రస్టీలు, ఆసుపత్రి యజమానులు, సీనియర్ సిటిజన్లకు విల్లాలు కట్టి అమ్మే ఒక బిల్డరు. ఆయన ఎక్కడికెళ్ళినా జేబులోంచి టేపు తీసి గుమ్మాల వెడల్పు కొలుచుకున్నాడు. పని చేసే చేతులంటూ ఆ బస్సులో ఉన్నవి మా ఆయమ్మవే.

మొదట తీసుకెళ్ళింది ఆమ్‌స్టర్‌డామ్ పక్కన వేస్ప్‌లోని డి హోగెవేక్‌కు. డిమెన్షియా బాగా ముదిరినవాళ్ళ కోసం 2009లో తెరిచిన చిన్న ఊరు అది. ఇంటికి ఆరేడుగురు ఉంటారు. వీధులు, సూపర్ మార్కెట్, రెస్టారెంటు, నాటకశాల అన్నీ ఉన్నాయి. బయటికి దారి ఒక్కటే, అక్కడ మనిషి ఉంటాడు. లోపల ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు తిరుగుతారు. సిబ్బందికి యూనిఫాం లేదు. ఏ ఇంటి వంట ఆ ఇంట్లోనే. సూపర్ మార్కెట్లో ఒక పెద్దావిడ బ్రెడ్డు బుట్టలో వేసుకుంటోంది, తీసి అరలో పెడుతోంది, మళ్ళీ వేసుకుంటోంది. పక్కనున్న అమ్మాయి ఊరికే నిలబడింది, తొందరపెట్టలేదు. అదే మా దగ్గరైతే "అవ్వా, నువ్వు కూర్చో, నేను తెస్తా" అనేస్తాం. ఆ అవ్వకు మిగిలిన పని అది ఒక్కటే, దాన్నీ మనమే లాగేసుకుంటాం.

ఒకే తరహా జీవితం గడిపినవాళ్ళను అక్కడ ఒకే ఇంట్లో ఉంచుతారు. మొదట్లో ఏడు తరహాలు ఉండేవట, తర్వాత నాలుగుకు తగ్గించారు. ఆ ఏడింటిలో ఒకటి డచ్చివాళ్ళు ఇండోనేషియాను ఏలిన కాలంతో అనుబంధం ఉన్నవాళ్ళది. వాళ్ళ ఇంట్లో అన్నం, మసాలా వంటలు. ఇది విన్నప్పుడు నాకు మా భోజనాల గది గుర్తొచ్చింది. కుప్పం వైపు తాతకు మధ్యాహ్నం రాగి సంగటి లేకపోతే అది భోజనమే కాదు. మాడవీధుల్లో పుట్టి పెరిగిన అవ్వ ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. నగరి నుంచి వచ్చినావిడ అరవంలో ఇడ్లీ అడుగుతుంది. మేం అందరికీ ఒకే సాంబారు పోసి, "సరిగ్గా తినడం లేదు" అని రిజిస్టరులో రాస్తున్నాం.

టూరు డబ్బుకు తగిన ఫలితం వచ్చింది మాత్రం బూర్ట్‌జోర్గ్ నర్సులతో గడిపిన పూట. యోస్ డి బ్లాక్ అనే నర్సు 2006లో మొదలుపెట్టిన ఇంటింటి సేవ అది. పన్నెండు మందికి మించని బృందాలు. ఎవరి పేషెంట్లను, ఎవరి డ్యూటీలను వాళ్ళే చూసుకుంటారు, కొత్త మనిషిని చేర్చుకోవడం కూడా వాళ్ళ చేతిలోదే. పైన మేనేజరు లేడు. మా గుంపులోని పెద్దమనుషులు సాఫ్ట్‌వేర్ గురించి, విస్తరణ గురించి అడుగుతుంటే ఆ నర్సు మర్యాదగా జవాబులిస్తోంది. మా ఆయమ్మ నా మోచేయి తట్టి, "ఇద్దరికీ ఒకే రోజు లీవు కావాలంటే ఎవరు తేలుస్తారో అడుగక్కా" అంది. అడిగాను. ఆ నర్సు ముఖం వెలిగిపోయింది, కుర్చీ ముందుకు జరుపుకుంది. అందరూ కూర్చుని మాట్లాడుకుంటారట, తేలకపోతే బృందాలకు సలహాలిచ్చే కోచ్‌ను పిలుస్తారట, కోచ్ తీర్పు మాత్రం చెప్పకూడదట. అక్కడి నుంచి జీతాలు, తగాదాలు, పని ఎగ్గొట్టేవాళ్ళు అన్నీ బయటికొచ్చాయి. ఆ రోజు నా నోట్‌బుక్కులో మిగిలిన పేజీలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబే.

బెల్జియంలో గీల్ అనే ఊరు. అక్కడ మధ్యయుగం నుంచే మానసిక జబ్బు ఉన్నవాళ్ళను మామూలు కుటుంబాలు ఇంట్లో పెట్టుకుంటున్నాయి. సెయింట్ డింఫ్నా చర్చికి బాగవుతుందని రోగులను తెచ్చేవాళ్ళు, చర్చి దగ్గర చోటు చాలక ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళల్లో దించుకున్నారు. అలా మొదలై, 1930ల చివరికి అలా ఇళ్ళల్లో ఉండే రోగుల సంఖ్య 3,700 దాటింది. ఇప్పుడు చాలా తగ్గింది కానీ పద్ధతి ఆగలేదు. కుటుంబానికి ప్రభుత్వం డబ్బిస్తుంది, వెనక మానసిక ఆసుపత్రి బృందం ఉంటుంది. తిరుపతి మనిషి ఇది వింటే ఊరుకోగలడా? దర్శనానికని తెచ్చి, ముసలివాళ్ళను, మతి చెదిరినవాళ్ళను ఇక్కడే వదిలేసి పోయేవాళ్ళ సంగతి మన ఊళ్ళో అందరికీ తెలుసు. గుడి ఊరికి ఇలాంటి బరువు పడటం కొత్త కాదు, ఆ బరువును ఎవరింట్లో దించుకోవాలన్నది గీల్‌వాళ్ళు తేల్చుకున్నారు. ఇంత ముఖ్యమైన చోటికి నిర్వాహకులు కేటాయించింది భోజనంతో కలిపి రెండు గంటలు.

నా పెద్ద ఫిర్యాదు చివరి రోజు గురించి. కరపత్రంలో "నిధులు, ఖర్చులు" అని ఒక సెషన్ ఉంది. దాన్ని తీసేసి గాలిమరలు చూడమని జాన్సె స్కాన్స్‌కు తోలుకుపోయారు. ఫొటోలు బాగా వచ్చాయి, కాదనను. కానీ డబ్బు సంగతి లేకుండా ఇదంతా సగం కథే. నెదర్లాండ్స్‌లో దీర్ఘకాల సంరక్షణకు 1968 నుంచే చట్టం ఉంది, 2015లో దాన్ని మార్చారు. సంపాదించేవాళ్ళందరి నుంచి వాటా పోగవుతుంది, సంరక్షణ పొందేవాళ్ళు ఆదాయాన్ని బట్టి కొంత కడతారు. మన దగ్గర తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు తెచ్చిన 2007 చట్టం బాధ్యతను పిల్లల మీద పెట్టింది, రాష్ట్రం నెలకు 4,000 పింఛను ఇస్తోంది. మధ్యలో ఉన్న ఖాళీని ఎలా పూడ్చాలన్నది మాట్లాడకపోతే, తిరిగొచ్చిన ప్రతి ట్రస్టీ "అది డబ్బున్న దేశం లెండి" అనేసి ఫైలు మూసేస్తాడు. తర్వాత ఒక పీడీఎఫ్ పంపించారు, దానికి సరిపెట్టుకోమన్నారు. నేను సరిపెట్టుకోలేదు, ఆ మేరకు డబ్బు వెనక్కి అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

వచ్చాక మా దగ్గర డ్యూటీ చార్టు ఆయమ్మలే రాసుకుంటున్నారు. గంగమ్మ జాతర వారంలో అందరికీ లీవు కావాల్సి వచ్చింది. నాకు టెన్షన్ పెట్టి, ఒక రాత్రి బాగా అరుచుకుని, చివరికి పూటల వారీగా పంచుకున్నారు. యూనిఫాం చీరలు తీసేశాం. "ఎవరు ఆయమ్మో, ఎవరు చుట్టాలో తెలియడం లేదు" అని రెండు కుటుంబాలు గొణిగాయి. గొణగనీ. సంగటి వారానికి రెండుసార్లు చేస్తున్నాం, రోజూ చేయడానికి వంటమనిషి ఇంకా ఒప్పుకోలేదు.

పోవాలనుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఏ చోట ఎన్ని గంటలో రాతపూర్వకంగా తీసుకోండి, మారిస్తే ఎంత వెనక్కిస్తారో కూడా. ఒక్కరికే డబ్బుంటే మీరు ఆగి మీ సీనియర్ ఆయమ్మనో నర్సునో పంపండి, మాట చెప్పడానికి గైడుతో పాటు తెలుగో తమిళమో వచ్చిన మనిషిని అడగండి. అంత డబ్బు లేనివాళ్ళకు కేరళలో కోళికోడ్ ఉంది. పాలియేటివ్ కేర్ అంటే నయం కాని జబ్బులున్నవాళ్ళకు నొప్పి, బాధ తగ్గించే సేవ. 1993లో అక్కడ మొదలైన పాలియేటివ్ కేర్ సొసైటీ నుంచి ఇరుగుపొరుగు వలంటీర్ల పద్ధతి కేరళంతా పాకింది, 2008లో రాష్ట్రం దానికి విధానమే తెచ్చింది. మనం డబ్బు పోసి యూరప్ పోతుంటే విదేశీయులు నేర్చుకోవడానికి అక్కడికి వస్తున్నారు, మా నిర్వాహకులు ఆ మాటే ఎత్తలేదు. కాట్పాడిలో రాత్రి మంగళూరు మెయిల్ ఎక్కితే పొద్దునకు కోళికోడ్. వెళ్ళేముందు మెడికల్ కాలేజీ దగ్గరున్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాలియేటివ్ మెడిసిన్‌కు రాసి, ఇళ్ళకు వెళ్ళే టీముతో పంపుతారేమో కనుక్కోండి. హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే రకమైతే టికెట్టు తీసుకోవద్దు.