మలయాళం చిన్న సినిమాలు, నా నాలుగైదు యాప్‌లు

ఉద్యోగం మీద తిరువనంతపురం వచ్చిన కొత్తలో, 2018లో, చిన్న సినిమా చూడాలంటే డిసెంబర్లో ఐఎఫ్ఎఫ్‌కే (కేరళ అంతర్జాతీయ చిత్రోత్సవం) పాస్ తీసుకుని క్యూలో నిలబడాలి, అక్కడ తప్పిపోతే మళ్లీ దొరుకుతుందన్న ఆశ లేదు. అదృష్టం బాగుండి థియేటర్లో పడినా ఊళ్లోని తంపానూర్‌లో మధ్యాహ్నం ఆటకి ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, వచ్చే వారం వెళ్దాంలే అనుకునేలోపు పోస్టర్ మారిపోయేది.

2020 జూలైలో ‘సూఫియుం సుజాతయుం’ నేరుగా ప్రైమ్‌లో వచ్చింది. సెప్టెంబర్లో ఫోన్‌తో తీసిన ‘సీ యూ సూన్’. బాగానే ఉన్నాయి కానీ తెలిసిన మొహాలుంటే యాప్‌లు ఎప్పుడైనా కొంటాయి. నాకు అసలు తేడా తెలిసింది 2021 జనవరిలో. పెద్ద యాప్‌లు వద్దన్న ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ నీస్ట్రీమ్ అనే చిన్న యాప్‌లో వచ్చింది, జనం దాని గురించే మాట్లాడుకోవడం మొదలయ్యాక ప్రైమ్ కూడా తీసుకుంది. నేను మా ఇంటి ఓనర్ చేచ్చితో (మలయాళంలో అక్క) కలిసి ల్యాప్‌టాప్‌లో చూశాను. సినిమాలో సింకు కింద పైపు కారుతూ ఉంటుంది, ప్లంబర్‌ని పిలవమని భార్య ఎన్నిసార్లు చెప్పినా మొగుడికి గుర్తుండదు. చేచ్చి సినిమా గురించి ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున్నే మా ఇంటికి ప్లంబర్ వచ్చాడు.

ఆ ఊపులో నాలుగైదు యాప్‌లకి ఏడాది చందాలు కట్టేశాను. అందులో ఒకదానితో మూడు నెలలు పడ్డాను. సబ్‌టైటిల్స్ మాట కన్నా మూడు సెకన్లు ముందు పడేవి, అంటే అమ్మాయి ప్రశ్న అడగకముందే అబ్బాయి జవాబు నాకు తెలిసిపోయేది! ఫిర్యాదు చేస్తే యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాను, అదే మూడు సెకన్లు.

ఇప్పుడు పరిస్థితి మళ్లీ బిగుసుకుంది. అప్పట్లో ఓటీటీ డబ్బు లెక్కలో పెట్టుకుని సినిమా మొదలుపెట్టినవాళ్లున్నారు, ఇప్పుడేమో థియేటర్లో ఆడిందా అని చూశాకే యాప్‌లు బేరానికి వస్తున్నాయి, లేదంటే జనం ఎంతసేపు చూశారో లెక్కగట్టి ఇస్తామంటున్నాయి. థియేటరే దొరకని సినిమాని థియేటర్లో ఆడి రమ్మంటే ఎలా?

అందుకే నా ఓటు సీస్పేస్ అనే ఓటీటీకి. కేరళ ప్రభుత్వమే 2024 మార్చిలో మొదలుపెట్టింది. చందా లేదు, సినిమాకి 75 రూపాయలు, అందులో సగం నిర్మాతకి. పెద్ద యాప్‌ల్లో ఉన్నన్ని సినిమాలు ఉండవు, వెతకడం కూడా మనమే వెతుక్కోవాలి, అది మాత్రం ముందే చెబుతున్నాను. కానీ ఊరికే వచ్చే సినిమాని పది నిమిషాలకే ఆపేసే నేను, 75 కట్టిన సినిమాని మాత్రం చివరిదాకా చూస్తున్నాను. ఈసారి ఏడాది చందాల్లో ఒక్కటే ఉంచుకున్నాను, అదీ చేచ్చి సీరియల్స్ కోసం.