పాత విండోస్‌ను ఏరెయ్యాలా, ఫార్మాట్ కొట్టాలా?

సి డ్రైవ్ గీత ఎర్రబడగానే చాలామంది అనే మొదటి మాట "ఫార్మాట్ కొట్టించేద్దాం". షాపువాళ్లకూ అదే సులువు. కానీ చోటు తినేస్తున్నది పాత విండోస్, ఆడడం మానేసిన గేమ్స్ మాత్రమే అయితే అంత పని అక్కర్లేదు. ఫార్మాట్ తర్వాత ప్రింటర్ డ్రైవర్ వెతుక్కోవాలి, ట్యాలీ మళ్లీ వేయించాలి, అను ఫాంట్లు మళ్లీ ఎక్కించాలి. ఆ టెన్షన్ షాపువాడిది కాదు, మనది. అందుకే నా ఓటు ఏరివేతకే, ఒకటి రెండు సందర్భాల్లో తప్ప.

ముందు తేలిగ్గా తెమిలేది చూద్దాం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి చాలామంది 11కి మారారు. అలా అప్‌గ్రేడ్ అయినప్పుడు పాతది సి డ్రైవ్‌లోనే విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉండిపోతుంది. అది 20 జీబీ దాటడం మామూలే. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజుల గడువు ఉంటుంది, ఆ తర్వాత విండోసే దాన్ని తీసేస్తుంది. అంతదాకా ఆగలేకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' అన్నచోట టిక్ పెట్టి తీసేయండి. మామూలుగా డిలీట్ కొడితే పర్మిషన్ లేదని మొరాయిస్తుంది. ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది, దానికి పొరపాటున టిక్ పడనివ్వకండి.

అసలు చిక్కంతా రెండు విండోస్‌లు వేర్వేరు పార్టిషన్లలో, అంటే డిస్క్‌ను విడగొట్టిన సి, డి లాంటి భాగాల్లో, ఉన్నప్పుడే. ఫైళ్లు పోతాయని సి ముట్టుకోకుండా కొత్తది డి లో వేసి ఉంటారు. లేదా పాత హార్డ్ డిస్క్ అలాగే ఉంచి కొత్త ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్తరకం డిస్క్) తగిలించి ఉంటారు. ఆన్ చేసిన ప్రతిసారీ ఏ విండోస్ కావాలని అడుగుతూ 30 సెకన్లు నిలబెడుతుంది. ఇక్కడ చెయ్యి వేసేముందు స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఒక్కో పార్టిషన్ కింద దాని వివరం ఉంటుంది. 'బూట్' అని ఉన్నది ఇప్పుడు నడుస్తున్న విండోస్. 'సిస్టమ్' అని ఉన్నది కంప్యూటర్ లేవడానికి కావాల్సిన ఫైళ్లుండే చోటు. పేర్లు తిరగేసినట్టు ఉన్నాయి కదా, మైక్రోసాఫ్ట్ వాళ్లు పెట్టిన పేర్లే అవి.

'బూట్', 'సిస్టమ్' రెండూ కొత్త డిస్క్‌లోనే ఉంటే భయం లేదు. పాత విండోస్‌లోని యూజర్స్ ఫోల్డర్ నుంచి ఫొటోలు, డెస్క్‌టాప్ ఫైళ్లు కాపీ చేసుకుని, ఆ పార్టిషన్ తీసేయండి. విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే టూల్‌లో బూట్ ట్యాబ్‌కి వెళ్లి పాత పేరు కొట్టేస్తే ఆ 30 సెకన్ల నిరీక్షణ కూడా పోతుంది. ఖాళీ అయిన జాగా ఇప్పుడు నడుస్తున్న విండోస్ పార్టిషన్‌కి పక్కనే, కుడివైపున ఉంటేనే డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని అందులో కలుపుతుంది. ఎడమవైపు ఉంటే వేరే డ్రైవ్‌గా వాడుకోవాల్సిందే.

'సిస్టమ్' పాత డిస్క్‌లో ఉందనుకోండి, కథ మారిపోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ అయితే దాన్ని తీయనివ్వదు గానీ, డిస్క్‌నే ఊడదీసినా, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ఫార్మాట్ కొట్టినా ఆపేవాళ్లుండరు. తర్వాత స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. బీసీడీబూట్ కమాండ్‌తో ఆ ఫైళ్లను కొత్త డిస్క్‌లోకి రాయొచ్చు. కమాండ్లంటే భయమున్నవాళ్లకు మాత్రం ఇక్కడ ఫార్మాటే మేలు: కావాల్సినవన్నీ బయట కాపీ చేసుకుని, పాత డిస్క్ కేబుల్ పీకి, ఎస్‌ఎస్‌డీలో శుభ్రంగా కొత్త విండోస్ వేసుకోవడం. అదే ఎడిషన్ వేస్తే, డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

గేమ్స్ విషయంలో ఫార్మాట్ మాటే అనవసరం. అయితే ఫోల్డర్ పట్టుకుని డిలీట్ కొట్టకండి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. స్టీమ్ (గేమ్స్ కొని దించుకునే యాప్) గేమ్‌ను స్టీమ్‌లోంచే తీయాలి. సేవ్ ఫైళ్లు చాలాసార్లు వేరేచోట ఉంటాయి. వైస్ సిటీ ఆడిన పిల్లల కష్టార్జితమంతా డాక్యుమెంట్స్‌లోని 'జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్' ఫోల్డర్‌లో ఉంటుంది. ఫార్మాట్‌లో అదీ పోతుంది. పైగా అలాంటి పాత గేమ్ తీసేస్తే మిగిలేది ఒక జీబీ చిల్లర. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటిది 150 జీబీ అడుగుతుంది, తీస్తే అలాంటిదే తీయాలి. కానీ రోజుకు 2 జీబీ మొబైల్ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లు దాన్ని మళ్లీ దించాలంటే రెండున్నర నెలలు. వాళ్లు తీసేయకుండా, స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌లో 'మూవ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్' నొక్కి హార్డ్ డిస్క్‌కి పంపడం మేలు. లోడవడం నెమ్మదిస్తుంది, అంతే.

క్రాక్ గేమ్స్‌తో పాటు వైరస్ కూడా ఎక్కిందని అనుమానముంటే ఏరివేత దండగ, ఫార్మాట్ కొట్టండి. కంప్యూటర్ అమ్మేస్తుంటే క్విక్ ఫార్మాట్ కూడా చాలదు. హార్డ్ డిస్క్‌లో అలా పోయిన ఫైళ్లను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ లాగొచ్చు. 'రీసెట్ దిస్ పీసీ'లో అన్నీ తీసేయమని చెప్పి, 'క్లీన్ డేటా' ఆన్ చేసి వదిలేయండి. గంటలు పట్టినా మధ్యలో ఆపకండి.