ఇంట్లో బ్యాగులా, సెంటర్‌లో మిషనా: డయాలసిస్ ఖర్చు ఎక్కడ పోతుంది?

సెంటర్‌లో మిషన్ మీద చేసే హీమోడయాలసిస్ ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఫ్రీ అంటారు, నిజమే. కానీ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఉద్దానం పల్లె నుంచి పలాస వెళ్లొచ్చే ఆటో చార్జీ, తోడు వెళ్లినవాళ్ల కూలి, మధ్యాహ్నం హోటల్ భోజనం ఏ బిల్లులోనూ కనపడవు, జేబులోంచి మాత్రం పోతాయి.

ఇంట్లో చేసుకునే సీఏపీడీ (మిషన్ లేకుండా పొట్ట ద్వారా చేసే డయాలసిస్) లెక్క వేరు. పొట్టలో ట్యూబు పెట్టించుకుని రోజుకు మూడు నాలుగుసార్లు రెండు లీటర్ల ద్రవం మార్చుకోవాలి, అంటే నెలకు 90 నుంచి 120 బ్యాగులు. కూలి పోదు, ప్రయాణం లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. కానీ బ్యాగులు సొంతంగా కొంటే నడుం విరుగుతుంది. పైగా చేతులు సరిగ్గా కడుక్కోకుండా ఒక్కసారి మార్చినా పొట్టలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది, అప్పుడు ఆస్పత్రి ఖర్చు అదనం. (బ్యాగుల పెట్టెలకు సగం గది కావాలి, అదో గోల.)

రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్లు రెండింటిలోనూ చాలామందికి తప్పవు.

థాయ్‌లాండ్ 2008లో ప్రభుత్వ ఖర్చుతో ఇంటి పద్ధతికే మొదటి చోటిచ్చింది. నన్నడిగితే, సెంటర్ దూరమై, బ్యాగులు పథకం కింద వస్తుంటే ఇల్లే మేలు. సెంటర్ పక్క వీధిలోనే ఉంటే మిషనే.