లూరిస్తాన్ కంచు కోసం వెళ్తే ముందు ఖుర్రమాబాద్ చూడండి

మేం ముందు కొని, తర్వాత మ్యూజియం చూశాం. మీరు ఆ వరస తిరగేయండి.

టెహ్రాన్‌లో బజారు పక్కన పాతసామాన్ల కొట్టతను ఒక కంచు కంకణం చూపించాడు. రెండు కొసలా కొండమేక తలలు, వెనక్కి వంగిన కొమ్ములు. పశ్చిమ ఇరాన్ కొండల్లోని లూరిస్తాన్‌దనీ, మూడు వేల ఏళ్ల నాటిదనీ నమ్మబలికాడు. తొంభై డాలర్లతో మొదలుపెట్టి అరవైకి దిగాడు. ఇరాన్‌లో మన కార్డులు పనిచేయవు, వెంట తెచ్చుకున్న నోట్లే దిక్కు. అయినా ఇచ్చేశాను. "నిజంగా అంత పాతదైతే మన చేతికెందుకిస్తాడండీ?" అంది మా ఆవిడ. వినలేదు.

లూరిస్తాన్ ముఖ్యపట్టణం ఖుర్రమాబాద్‌కి బస్సు ఏడు గంటలు, మనిషికి నాలుగు డాలర్ల లోపే, హాయిగా సాగింది. లాడ్జి మాత్రం శుద్ధ దండగ. రాత్రికి పాతిక డాలర్లు తీసుకుని తెల్లారేసరికి చన్నీళ్లిచ్చారు. అడిగితే కౌంటర్లో మనిషి తలెత్తలేదు. మా ఆవిడ ఆ పూటంతా నాతో కూడా మాట్లాడలేదు.

గుట్ట మీది ఫలక్-ఒల్-అఫ్లాక్ కోటలోకి వెళ్లాకే ఆమె ముఖం విప్పారింది. లోపలి మ్యూజియంలో లూరిస్తాన్ కంచు ఉంది: గుర్రాల కళ్లేలకు పెట్టే పక్కబిళ్లలు, పొడవాటి సూదులు, జంతు తలల కంకణాలు. ఇవి ఎక్కువగా క్రీ.పూ. 1000–650 మధ్యవి. 1938లో లూరిస్తాన్‌లోనే సుర్ఖ్ దుమ్ అనేచోట పాత గుడి తవ్వకాల్లో ఇలాంటి సూదులు గోడల్లో గుచ్చి ఉండగా దొరికాయి, మొక్కు చెల్లించినట్టు. ఇలా దొరికినచోటు తెలిసినవి తక్కువే. 1920ల చివరి నుంచి దొంగతవ్వకాల్లో తీసినవి వ్యాపారుల చేతుల మీదుగా యూరప్, అమెరికాలకు చేరిపోయాయి. అందుకే వాటి సొంత కొండల నడుమ చూడటానికి ఇంత దూరం వెళ్లాలి.

ఆదిలాబాద్ వైపు ఓజాలనే లోహపు పనివాళ్లు డోక్రా పద్ధతిలో ఇత్తడి బొమ్మ పోయడం చూసినవాణ్ణి, పని వెంటనే అర్థమైంది. మన డోక్రాలో మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుడతారు. ఇక్కడా మూలం మైనమే. మైనంతో మేకను మలిచి, మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో రాగి, తగరం కలిపిన కరుగు పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాల్సిందే. ఒక అచ్చుకు ఒకటే వస్తువు. ఆ అల్మారాల్లో జతగా చేసిన పక్కబిళ్లలు కూడా అచ్చంగా ఒకేలా లేవు. ఒకదాని చెవి పొడుగు, ఒకదాని మూతి మొద్దు. రెండు గంటలు అక్కడే ఉండిపోయాం.

లాడ్జికొచ్చి మా కంకణం తీశాను. పొడుగునా రెండు పక్కలా సన్నటి అతుకు గీత, రెండు సగాల అచ్చులో పోసినట్టు. తిరిగి టెహ్రాన్‌లో అదే కొట్టుకు వెళ్లాం. డబ్బు వెనక్కివ్వనన్నాడు. అసలైన పాతవస్తువైతే దేశం దాటించడమే నేరమని అప్పుడు చెప్పాడు, కొనేటప్పుడు కాదు. అతని వెనక పళ్లెంలో ఇంకో కంకణం ఉంది. మా ఆవిడ చేతిలోకి తీసుకుని మా దాని పక్కన పెట్టింది. ఎడమ కొమ్ము కింద రెంటికీ అదే నొక్కు.