ఇంగ్లాండ్‌లో రిస్క్, జాగ్రఫీ మాస్టర్స్: డిగ్రీని కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

రిస్క్ అంటే బ్యాంకు లోన్ల లెక్క అనుకుంటారు, జాగ్రఫీ అంటే డీఎస్సీ అనుకుంటారు. రెండూ కలిపి ఇంగ్లాండ్ వెళ్లి చదువుతానంటే మా ఇంట్లో ఏమనుకున్నారో చెప్పక్కర్లేదు. 2021లో ఉత్తర ఇంగ్లాండ్‌లోని ఒక యూనివర్సిటీలో, జాగ్రఫీ విభాగంలో, వరద, తుపాను లాంటి విపత్తుల రిస్క్ గురించి చదివే మాస్టర్స్‌లో చేరాను. కింద కొన్ని ఫిర్యాదులున్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. అక్కడి విభాగాలు చాలావరకు ఒకే అచ్చులో నడుస్తాయి కాబట్టి పేరు లేకపోయినా పెద్ద నష్టం లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో బీమా కంపెనీల కోసం వరద, తుపాను నష్టాలు అంచనా వేసే పనిలో ఉన్నాను. కోర్సు అయిన వెంటనే రాసుంటే ఈ సమీక్షలో కోపం ఎక్కువ పాళ్లలో ఉండేది.

ముందు డబ్బుల సంగతి. కోర్సు ఏడాది, 180 క్రెడిట్లు, అందులో 60 డిసర్టేషన్‌కే, అంటే చివర్లో సొంతంగా చేసే పరిశోధన వ్యాసానికే. విదేశీ విద్యార్థులకు ఇలాంటి కోర్సుల ఫీజు చాలా చోట్ల 20 వేల నుంచి 30 వేల పౌండ్ల దాకా, కొన్నిచోట్ల అంతకు పైనే ఉంటుంది. క్లాసులేమో అక్టోబర్‌లో మొదలై మార్చికల్లా దాదాపు అయిపోయాయి. ఫీజును క్లాసు గంటలతో భాగించి చూడకండి, నిద్ర పట్టదు. మీరు కట్టేది లైబ్రరీకి, ఆ పది పదిహేను మంది ఉండే సెమినార్ గదికి. చదివి రాకపోతే ఆ గదిలో గంటంతా తల దించుకుని కూర్చోవాలి.

ఇక చదివించేదేమిటి? నేను వెళ్లింది వరదను ముందే కనిపెట్టడం నేర్చుకోవడానికి. వాళ్లు నేర్పింది వేరే: ఒకే తుపానులో ఒక ఇల్లు వారంలో ఎందుకు కోలుకుంటుంది, పక్కిల్లు పదేళ్లయినా ఎందుకు కోలుకోదు అని అడగడం. మొదటి టర్మ్‌లో 1994లో బ్లైకీ, కానన్, డేవిస్, విజ్నర్ అనే నలుగురు రాసిన పాఠ్యపుస్తకం ఇచ్చారు. అందులో ఒక ఉదాహరణ కోస్తా ఆంధ్రది. పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు మన కృష్ణా డెల్టాలో చేసిన పని ఆధారంగా రాసినది. ఉన్నవాళ్ల కుటుంబం ఒకటి, లేనివాళ్ల కుటుంబం ఒకటి. మొదటివాళ్లకు ఇటుకల ఇల్లు, మూడెకరాల మంచి మాగాణి, ఒక లారీ. రెండోవాళ్లకు పూరిల్లు, అరెకరం మెట్ట, కొంచెం పాలుకు చేసే నేల. రేడియోలో హెచ్చరిక విన్న ఆసామి పెళ్లాం పిల్లల్ని లారీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు. రెండో ఇంట్లో చిన్నబిడ్డ నీళ్లలో పోయింది, ఇల్లూ పశువులూ పోయాయి, తర్వాత మిగిలింది అప్పు.

మాది దివిసీమ పక్క. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి వింటూ పెరిగాను. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. మా వైపు ఆ కథలన్నీ గాలి గురించీ, తాటిచెట్టెత్తు అల గురించీ చెబుతారు. ఎవరికి లారీ ఉంది, ఎవరికి లేదు అన్నది చెప్పరు. ఆ లెక్క ఇంగ్లాండ్‌లో, డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడున్నర దాటేసరికే చీకటి పడే ఊళ్లో, రీడింగ్ లిస్టులో దొరికింది. ఇంత డబ్బు పోసి మన ఊరి సంగతి అక్కడ చదవాలా అని చిరాకు కూడా వేసింది, అది వేరే విషయం.

ఫీల్డ్ ట్రిప్పుల్లో నాకు బాగా పనికొచ్చింది యార్క్‌షైర్‌లోని పికరింగ్. 2007లో మునిగిన ఊరది. వరద గోడ కట్టడానికి ఖర్చుకు తగ్గ లాభం లేదని లెక్కలు తేల్చాయి. అప్పుడు సారా వాట్‌మోర్, స్టూవర్ట్ లేన్ లాంటి జాగ్రఫీ పరిశోధకులు ఆ ఊరివాళ్లను వరద మోడల్ (నీరు ఎటు ఎంత పారుతుందో కంప్యూటర్‌లో కట్టే లెక్క) తయారీలో కూర్చోబెట్టారు. వాగు ఎక్కడ పొంగుతుంది, ఏ వంతెన దగ్గర తన్నుతుంది అన్నది వాళ్లు చెబితే దాన్నిబట్టి లెక్కలు మార్చారు. తర్వాత ఎగువ వాగులకు అడ్డంగా దుంగలు పేర్చి నీటిని నిదానింపజేశారు, ఊరికి పైన నీరు నిలవడానికి ఒక కట్ట కట్టారు. చూడటానికి అక్కడేం ఉండదు: దుంగలు, బురద, ఆగని సన్నవాన. కానీ మన దగ్గర కన్సల్టెంట్ రిపోర్టు ఎలా తయారవుతుందో చూసినవాళ్లకు ఈ పద్ధతి విడ్డూరంగానే ఉంటుంది. ఏ సంవత్సరం నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చెప్పగలిగే ముసలాయన ప్రతి ఊళ్లో ఉంటాడు, ఆయన్ని అడిగే గడి మాత్రం ఏ టెండరులోనూ ఉండదు.

మార్కుల గురించి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. 50 వస్తే పాస్, 60 మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. నా మొదటి వ్యాసానికి 62 వచ్చిందని ఫోన్‌లో చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. క్లాసులో అది బాగా వచ్చిన మార్కే. విన్నదాన్ని ఇంకా చక్కగా, ఇంకా పొడుగ్గా రాస్తే మార్కులు పెరగవు. చదివినదానితో గొడవపడాలి, గొడవకు ఆధారం చూపాలి. మన ఇంజనీరింగ్ కాలేజీలో ఈ అలవాటు చేయరు, కాబట్టి క్రిస్మస్ దాకా టెన్షన్ తప్పదు.

ఫిర్యాదుల్లో పెద్దది డిసర్టేషన్ సమయంలో వచ్చింది. దివిసీమ తీర గ్రామాల్లో కౌలు రైతులతో మాట్లాడాలనుకున్నాను. దానికి ఎథిక్స్ అనుమతి (మనుషులతో చేసే పరిశోధనకు యూనివర్సిటీ ఇచ్చేది), ఆపైన ఫీల్డ్‌వర్క్ రిస్క్ పత్రం. బ్రిటన్ విదేశాంగ శాఖ ప్రయాణ సలహా చదివి, మా అమ్మమ్మ ఊరికి వెళ్లడంలో ఉన్న ప్రమాదాలు నేనే రాయాలి. పాముకాటు నుంచి ఆటో బోల్తా దాకా రాశాను. దగ్గరి పెద్దాసుపత్రి ఎంత దూరం అన్న గడి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది, ఆ జవాబు తర్వాత డిసర్టేషన్‌లోకే వెళ్లింది. అనుమతి మాత్రం వారాల తరబడి రాలేదు. ఏడాది కోర్సులో అది మామూలు నష్టం కాదు. సూపర్‌వైజర్ మంచివారే, కానీ సరిగ్గా మనం రాసే ఆగస్టులో అక్కడ అందరూ సెలవులో ఉంటారు.

రెండో లోటు సాంకేతిక పని. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కొంచెం, గణాంకాలకు వాడే ఆర్ కొంచెం చూపించి వదిలేశారు. హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌తో వరద మోడల్ నడపడం నేను సొంతంగా నేర్చుకున్నదే, ఉద్యోగం వచ్చింది కూడా దానివల్లే. అసలు మ్యాపులూ శాటిలైట్ డేటానే మీ లక్ష్యమైతే నెదర్లాండ్స్‌లో ఎన్‌షెడే ఊళ్లో ఉన్న ఐటీసీ అనే మ్యాపింగ్ విద్యాసంస్థ లాంటి చోట్లు చూడండి. విపత్తుల్లో సమాజం వైపే ఆసక్తి అంటే, అంత ఖర్చు లేకుండా ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో డిజాస్టర్ స్టడీస్ ఉంది.

మరి ఉద్యోగంలో ఏం మిగిలింది? నాలుగు ముక్కల మోడల్ మాది: ప్రమాదం ఎంత, దాని దారిలో ఏమున్నాయి, అవి ఎంత దెబ్బతింటాయి, కంపెనీ ఎంత కట్టాలి. ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అంటే ఇంకో వందేళ్లు భయం లేదనుకునే క్లయింట్లు ఇప్పటికీ ఉన్నారు. ఏటా ఒక శాతం అవకాశం, ముప్ఫై ఏళ్ల ఇంటి లోనులో కనీసం ఒక్కసారి రావడానికి 26 శాతం అవకాశం అని చెప్పడం నా వారపు డ్యూటీ. ఇదంతా ఏ కోర్సైనా నేర్పుతుంది. కానీ 2024 సెప్టెంబర్‌లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నాకు అందిన ఫైల్లో ఇన్సూరెన్స్ ఉన్న ఇళ్లే ఉన్నాయి, లేనివి ఒక్కటి కూడా లెక్కలోకి రాలేదు. మోడల్ దృష్టిలో ఆ ఇళ్ల నష్టం సున్నా. ఆ సున్నాను చూసి ఆగి, రిపోర్టులో ఒక పేరా రాయించే అలవాటు మాత్రం ఈ డిగ్రీ ఇచ్చిందే. ఆ పేరా వల్ల జీతం పెరగలేదు.

అక్కడే స్థిరపడాలని వెళ్తున్నవాళ్లకు నేను ఈ కోర్సు చెప్పను. నాకు చదువయ్యాక రెండేళ్లు ఉండే వీసా దొరికింది. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు అది పద్దెనిమిది నెలలే. 2024 జనవరి నుంచి క్లాసులతో నడిచే మాస్టర్స్ విద్యార్థులు భార్యాభర్తల్ని, పిల్లల్ని వెంట తీసుకెళ్లడానికి లేదు. కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసాకు ఉండాల్సిన సాధారణ కనీస జీతం 2025 జులైలో 41,700 పౌండ్లకు పెరిగింది. కొత్తగా చేరేవాళ్లకు తగ్గింపు ఉన్నా, వరద కన్సల్టెన్సీల్లో మొదటి జీతాలు దానికీ అందడం కష్టమే.

స్కాలర్‌షిప్ ఉంటే లెక్క మారిపోతుంది. రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉంటే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కు ప్రయత్నించండి, కాకపోతే చదువయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉండాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫులే పేరిట పథకం ఉన్నాయి. మా క్లాసులో బాగా చదివినవాళ్లు ఎవరంటే, అంతకుముందు ఎక్కడో కలెక్టరేట్‌లోనో ఎన్జీవోలోనో పనిచేసి వచ్చినవాళ్లు. డిగ్రీ అయిన వెంటనే వచ్చినవాళ్లకు సెమినార్‌లో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

డిపాజిట్ కట్టే ముందు ఒక ఈమెయిల్ రాయండి: వెబ్‌సైట్‌లో ఉన్న ఆప్షనల్ మాడ్యూళ్లలో పోయిన ఏడాది నిజంగా ఏవి నడిచాయి అని. నేను చేరిన కోర్సులో నాకు కావలసిన రెండూ ఆ ఏడాది లేవు, ఆ సంగతి సెప్టెంబర్ చివర్లో, ఫీజు కట్టాక తెలిసింది.