వాక్స్ మెల్ట్స్‌కి ఏ వార్మర్ మంచిది? కొన్నేళ్లు వాడి చెబుతున్నా

మేముండేది డాలస్ దగ్గర, అపార్ట్‌మెంట్‌లో. కొవ్వొత్తులు వెలిగించకూడదని లీజులోనే రాసి ఉంది. ఎండాకాలం ఏసీ, చలికాలం హీటర్, కిటికీలు తీసే రోజులే తక్కువ. పొద్దున పెట్టిన పోపు ఘాటు రాత్రి దాకా సోఫాని వదలదు. అలా మొదలైంది నాకు ఈ వాక్స్ మెల్ట్స్ అలవాటు. అంటే వత్తి లేని సెంటు మైనం బిళ్ళలు, వార్మర్ అనే చిన్న కరెంటు పరికరం గిన్నెలో వేసి కరిగిస్తే గదంతా వాసన వస్తుంది. బల్బు వేడితో కరిగించే వార్మరు, గిన్నె కింద ప్లేటు వేడెక్కే వార్మరు, గోడ సాకెట్‌కే గుచ్చే చిన్నది, మూడూ బాగా వాడాను.

కొనేముందు అందరం పింగాణీ మీద బొమ్మ చూస్తాం. అసలు చూడాల్సింది అది ఎంత వేడెక్కుతుందన్నది. మైనం ఆవిరవదు, అందులో కలిపిన సెంటు మాత్రమే గాల్లో కలుస్తుంది. వేడి ఎక్కువైతే సెంటంతా మొదటి పూటే ఘుప్పుమని కొట్టి అయిపోతుంది. తక్కువైతే మైనం కరిగినట్టే ఉంటుంది గానీ, గిన్నె దగ్గర ముక్కు పెడితే తప్ప వాసన తెలియదు. సోయా మైనం 50 డిగ్రీల సెల్సియస్‌కి అటూ ఇటూగా కరుగుతుంది, గట్టి పారఫిన్ బిళ్ళలకి 60 దాకా కావాలి. కాబట్టి మీరు వాడే బిళ్ళ ఏదో తేల్చుకున్నాకే వార్మర్ సంగతి.

హాల్‌కి నా ఓటు 25 వాట్ల బల్బు రకానికే. పారఫిన్ అయినా తొందరగా కరిగిస్తుంది, వంటింటి దాకా వాసన వస్తుంది. బల్బు పోతే మళ్ళీ అదే వాట్లది, అదే రకానిది వేయాలి. కరెంటు కలిసొస్తుందని ఎల్ఈడీ వేస్తే వెలుగొస్తుంది గానీ మైనం కరగదు. పడగ్గదిలో మాత్రం ప్లేటు రకం పెట్టాను. వెలుగుండదు, బల్బు మార్చే పనీ లేదు. నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి సోయా బిళ్ళ దాని మీద చాలా రోజులు వస్తుంది. సాకెట్‌కి గుచ్చేది బాత్రూమ్‌కి చాలు. పాకే పిల్లలున్న ఇంట్లో అయితే అస్సలు వద్దు, ఇక్కడ గదుల్లో సాకెట్లు చాలావరకు నేలకి దగ్గర్లోనే కదా.

ఇంకొకటి గట్టిగా చెబుతాను: గిన్నె విడిగా ఊడొచ్చేదే కొనండి. గిన్నె అతికించేసి ఉన్న వార్మర్ ఒకటి చూడ్డానికి ఎంతో బాగుండేది, వాసన మార్చాలంటే మాత్రం నరకం. వేడి మైనంలో దూది ఉండలు ముంచి పీల్చించడం, మిగిలింది టిష్యూతో తుడవడం, వేళ్ళు కాల్చుకోవడం. ఊడే గిన్నె అయితే చల్లారాక కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి, బిళ్ళ అంచు మీద బొటనవేలితో నొక్కితే చాలు. టక్కుమని మొత్తం ఒకేసారి లేచి వచ్చేస్తుంది, గిన్నెకి జిడ్డు కూడా పెద్దగా అంటదు. కరిగిన మైనం సింకులో మాత్రం పోయకండి, పైపులో గడ్డకడుతుంది.

టైమర్ ఉన్నది దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి. అడుగున యూఎల్ (UL) గానీ ఈటీఎల్ (ETL) గానీ గుర్తుండాలి, అవి భద్రత పరీక్ష చేశారని చెప్పే ముద్రలు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెడితే గిన్నె సరిగ్గా వేడెక్కదు. ఇంట్లో చిలకలో, పిట్టలో ఉంటే ఈ సరదా మానుకోవడమే మంచిది, వాటి ఊపిరితిత్తులు చాలా సున్నితం.

వాసనల మాటకొస్తే, చేపల పులుసు కాచిన రోజు వెనిలా వేయకండి. రెండూ కలిసి కడుపులో తిప్పేస్తాయి. నిమ్మగడ్డి, నారింజ లాంటివైతే నీచు వాసన మీద బాగా పనిచేస్తాయి. గంధం కూడా బాగుంటుంది. మల్లె అని రాసి అమ్మేవి చాలానే కొన్నాను, జడలో పెట్టుకునే మల్లెకి దరిదాపుల్లోకి వచ్చింది ఒక్కటీ లేదు.

ఇండియాకి పట్టుకెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. మా అమ్మ కూడా ఒకటి తెమ్మని అడిగింది, నేను తేలేదు. ఇక్కడివి 120 వోల్టులకి చేసినవి, అక్కడ వచ్చేది 230. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే పుట్టే వేడి ఇంచుమించు నాలుగింతలు. బల్బు రకమైతే బల్బు పేలిపోతుంది, ప్లేటు రకమైతే ఏకంగా కాలిపోవచ్చు. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. అందుకే అమ్మకి విశాఖపట్నంలోనే కొనిపించాను. అక్కడ కొనేవాళ్ళు వార్మర్ తిరగేసి, అడుగున 230 వోల్టులని ఉందో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వండి.